ఎందుకుగారి అనుమతి

పెద్ద లాయరుగారు పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా ఫోనుతో తగువు పెట్టుకునేవారు. అందులోని యాప్‌లన్నీ ఏదో ఒక అనుమతి అడుగుతూనే ఉంటాయి. ఆయన "ఎందుకు?" అని పైకే అడిగి, జవాబు రాదు కనుక, కుదరదని నొక్కేవారు. చీకట్లో వెలుతురిచ్చే యాప్ ఒకటి ఫోన్లోని నంబర్లన్నీ చూస్తానంది. "దీపానికి మన బంధువులతో పనేమిటే?" అని భార్యను లేపి మరీ అడిగారు.

కంపెనీల మధ్య సాఫ్ట్‌వేర్ ఒప్పందాలు రాయడం, జనం సొంత వివరాలు బయటికి పొక్కకుండా చూడడం ఆయన వృత్తి. ఆ వృత్తి ఆఫీసులో ఆగక ఇంటిదాకా వచ్చేసింది.

"సాయంత్రం ఎన్నింటికొస్తారు?" అని భార్య అడిగేది.

"ఆ వివరం నీకెందుకు?"

"భోజనం ఉంచాలా, గిన్నెలు కడిగేసుకోవాలా అని."

"సరైన ప్రయోజనమే. ఎనిమిదింటికి."

ఆఫీసులో చాటుగా అందరూ ఆయన్ని 'ఎందుకుగారు' అనేవారు. ఫోన్ నంబరు అడిగిన పాపానికి చెప్పుల దుకాణదారు, నంబరొద్దు, చెప్పులు తీసుకెళ్తే చాలని దండం పెట్టాడట.

ఆయన దగ్గర పనిచేసే జూనియరు అమ్మాయి కూడా నవ్వేది, ఆఫీసులో ఆయన భాగస్వామి, అంటే స్వయానా బావమరిది, హాజరు చూసే కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చేదాకా. అందులో సెలవు పెడితే జబ్బు పేరు రాయాల్సిందే. ఆ గడి ఖాళీగా ఉంటే సెలవు లేదు. అమ్మాయికి మూర్ఛలు వస్తాయి. నెలకో పూట ఆసుపత్రికి వెళ్లొస్తుంది. నిజం చెప్పినందుకే పాత ఆఫీసువాళ్లు "ఇంట్లో విశ్రాంతి తీసుకోమ్మా" అని ఎంతో మర్యాదగా సాగనంపారు.

"ఆ గడి ఎందుకు?" అన్నారు ఎందుకుగారు.

"ఎప్పుడైనా పనికొస్తుంది సార్," అన్నాడు సాఫ్ట్‌వేర్ అమ్మే ఆయన.

"ఏ పనికి?"

"ఏదో ఒక పనికి."

బావమరిదికి విసుగొచ్చింది. "దాచేదేముంది బావా? ఎలాగూ దేవుడికి అన్నీ తెలుసు."

"తెలుసు. ఆయన ఎవరికీ చెప్పడు. ఆ మాట వీళ్లను రాసిమ్మను."

అమ్మే ఆయన లాప్‌టాప్ తెరిచాడు. టీ చల్లారేలోగా గడి ఎగిరిపోయింది.

సాయంత్రం అమ్మాయి ఆయన గదిలోకి వెళ్లింది. "సార్, నా సెలవులకు కారణం..."

"నాకెందుకమ్మా?"

లోకాన్నంతా గుచ్చి గుచ్చి అడిగే మనిషి తనను మాత్రం ఒక్కసారీ అడగలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

"ఎప్పుడైనా ఇక్కడే పడిపోతే మీకు తెలియాలి కదా సార్."

ఆయన కలం పక్కన పెట్టారు. "అదీ ప్రయోజనమంటే. జబ్బు పేరొద్దు. నేనేం చెయ్యాలో చెప్పు."

"గట్టిగా పట్టుకోకూడదు. నోట్లో ఏమీ పెట్టకూడదు. తలకింద మెత్తగా ఏదైనా ఉంచి, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి."

బడిపిల్లాడిలా పెదవులు కదుపుతూ ఆయన అప్పజెప్పుకున్నారు. తిప్పడం దగ్గర తడబడ్డారు. లేచి, కోటు విప్పి మడిచి నేలమీద పెట్టి, దానిమీద తల ఆనించి వెల్లకిలా పడుకున్నారు.

"చిన్న సాయం చెయ్యమ్మా. నన్నోసారి తిప్పి చూపించు. కాస్త బరువుంటాను. ఎంతని మాత్రం అడక్కు."