ఆ బెంచీ మీద ఆవిడ మాట్లాడిన భాష

దయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా అంటే నేను ఏనాడూ నమ్మలేదు. నీటిపారుదల శాఖలో పనిచేసినన్నాళ్ళూ కాలవగట్ల మీద, పాత బంగళాల్లో ఒంటరిగా ఎన్నో రాత్రులు పడుకున్నాను. ఏదీ కనబడలేదు, వినబడలేదు. రోజూ డైరీ రాయడం నా అలవాటు. అందులో వాన సంగతి, కాలవలో నీటి మట్టం, ఆదివారం వాక్యం ఏమిటి, ఇలాంటివే ఉంటాయి. ఇప్పుడు చెప్పేది కూడా పట్టపగలు, ఆసుపత్రిలో జనం కిక్కిరిసి ఉండగా జరిగినదే.

మాది కళింగపట్నం దగ్గర పల్లె. మా అబ్బాయి సరుకు ఓడల్లో ఇంజను పని చేస్తాడు. వాళ్ళ ఓడ మరమ్మతుకని వియత్నాంలో ఒక రేవులో చాలాకాలం ఆగిపోయినప్పుడు అక్కడి అమ్మాయిని ఇష్టపడ్డాడు. పేరు లాన్. పెళ్ళి మా చర్చిలోనే జరిపించాం. ఆమె కడుపుతో ఉండగా మా దగ్గర ఉంచి, కానుపు నెలకు వచ్చేస్తానని చెప్పి అతను మళ్ళీ ఓడెక్కాడు.

లాన్‌కి ఇంగ్లీషు రాదు. తెలుగులో అన్నం, నీళ్ళు, చాలు అనే మాటలు వచ్చు. ఫోనులో ఆమె తన భాషలో మాట్లాడితే అది తెలుగు చేసి వినిపించేది. నేను చెప్పింది ఆమె భాషలో వినిపించేది. ఇంట్లో అది సరిపోయింది. ఆసుపత్రిలోనే చిక్కు వచ్చింది.

మన ఆసుపత్రుల తీరు మనకు అలవాటు కాబట్టి దాని కష్టం తెలియదు. ఆమె పక్కన నిలబడితే తెలిసింది. చీటీ ఒకచోట, డబ్బు కట్టేది మరోచోట, రక్తం తీసేది పై అంతస్తులో. ఎవరు పిలుస్తున్నారో చెవి పెట్టి వినాలి. ఆమె పేరును ఒక్కొక్కరు ఒక్కోలా పిలిచేవారు. డాక్టరమ్మ మంచి మనిషే, కానీ ప్రతి ప్రశ్నా నన్ను అడిగేది. బిడ్డ బాగా కదులుతోందా అని అడిగితే మావగారిని నేనేం చెప్పను? ఔనండీ అనేవాణ్ణి. లాన్ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసేది.

ఒకసారి స్కానింగు గదిలో ఆమె ఫోనులో ఏదో అడిగింది. ఫోను గట్టిగా, "ఆడపిల్లా, మగపిల్లాడా?" అంది. అక్కడున్న అమ్మాయి హడలిపోయింది.

"అమ్మో! ఒలే, ఆ ఫోను ఆపు. మావా, నువ్వైనా సెప్పు. ఆ మాట అడిగితే మమ్మల్ని జైల్లో ఏస్తారు" అంటూ గోడ మీద బోర్డు చూపించింది. లాన్ ఆ బోర్డు చదవలేదు కదా. తానేదో పెద్ద నేరం చేశానని దారి పొడవునా ఏడ్చింది. తరవాత నేనెంత నచ్చజెప్పినా ఆసుపత్రిలో మళ్ళీ ఫోను బయటకు తీయలేదు.

ఎనిమిదో నెలలో మా ఆవిడ సుగుణ, చెల్లెలి కంటి ఆపరేషన్‌కని రాజాం వెళ్ళింది. నెలవారీ చూపించడానికి కోడల్ని నేనొక్కణ్ణే ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్ళాను. పొద్దున్నుంచీ ఆమె ముఖం ఉబ్బరంగా ఉంది. పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించింది. ముందురోజు ఎండుచేపల కూర తిన్నది, గ్యాస్ అనుకున్నాను.

హాలు నిండా జనం. మా నంబరు ఎప్పటికి వస్తుందో తెలియదు. లాన్ గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఒక గ్యాస్ మాత్ర వేయించి ఇంటికి తీసుకుపోదాం, సుగుణ వచ్చాక మళ్ళీ రావచ్చు అని నిశ్చయించుకున్నాను. చీటీ మడిచి జేబులో పెట్టేశాను.

అప్పుడొక ఆవిడ వచ్చి బెంచీ మీద లాన్ పక్కన కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. నీలం నేత చీర, భుజాన తువ్వాలు. అక్కడి ఆయా అనుకున్నాను. లాన్ చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. లాన్ కళ్ళు తెరిచి మాట్లాడటం మొదలుపెట్టింది. గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉంది. తల్లితో ఫోనులో తప్ప ఆమె అంతసేపు మాట్లాడటం నేను చూడలేదు. ఆ గోలలో వాళ్ళ మాటలు నాకు వినబడలేదు. తెలియకపోయినా మనవాళ్ళు ఊఁ కొడతారు కదా, ఆవిడా అలాగే కొడుతోందనుకున్నాను.

తరవాత నా వైపు తిరిగింది.

"ఏటి మావా, అలా సూత్తన్నావు? పిల్లకి తల పగిలిపోతన్నాదంట. కళ్ళ ముందర మిణుగురులు తిరుగుతన్నాయంట."

"గ్యాస్ అనుకుంటున్నానమ్మా" అన్నాను.

"గేసేటి నీ మొకం! లెగు, లెగు."

లేచాను. లాన్ సైగలు చూసి కనిపెట్టిందనుకున్నాను. డాక్టరమ్మ గదిలోకి ముందు ఆవిడ వెళ్ళింది. మేము తలుపు దగ్గర ఆగాం. కాసేపటికే నర్సు మమ్మల్ని లోపలికి పిలిచింది. లాన్ బి.పి. చూసిన డాక్టరమ్మ నమ్మలేనట్టు మళ్ళీ చూసింది. వెంటనే ఆపరేషన్ చేయాలనీ, ఆలస్యమైతే తల్లికీ బిడ్డకీ ప్రాణగండమనీ చెప్పింది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువని కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచారు. చివరికి ఇద్దరూ క్షేమంగా ఇంటికి వచ్చారు.

ఆవిడ కోసం చూశాను గానీ మళ్ళీ కనబడలేదు. డ్యూటీ దిగి వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. ఒక ఆయా సాయం చేసిందని మాత్రం డైరీలో రాసుకున్నాను.

ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ, "మీ ఇంటావిడ ఆ రోజు లక్షణాలన్నీ చక్కగా చెప్పారండీ. అదీ మా ఒడియాలో. ఎక్కడ నేర్చుకున్నారు?" అంది. డాక్టరమ్మది ఒడిశాలోని గంజాం వైపు.

మందులు తీసుకుని అప్పుడే లోపలికి వచ్చిన సుగుణ ఆ మాట విని నవ్వింది. "నాకు ఒడియా వస్తాదేటమ్మా? నేనా రోజు రాజాంలో ఉన్నాను" అంది. ఇచ్ఛాపురం వైపు వాళ్ళలో ఒడియా వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ ఆయాది అటువైపు అయి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

బిడ్డకు నెల నిండితే వాళ్ళవైపు జిగురుబియ్యంతో తీపి వండి పంచుతారట. మా అబ్బాయి ఇంకా ఓడ దిగలేదు గానీ, లాన్ వండింది. అప్పటికి సుగుణ దగ్గర నాలుగు మాటలు పట్టుకుంది. ఒక గిన్నె వేరుగా తీసి నా చేతికిచ్చి, "మావా, ఇది ఆస్పత్రి అమ్మకి. ఇచ్చీసి రా" అంది.

"ఏ అమ్మకే?" అంది సుగుణ.

"మా ఊరు అమ్మకి. మా బాస మాటాడినాది కదా."

ఆవిడ మన తెలుగు మనిషే అని నేను నవ్వాను. లాన్ ఒప్పుకోలేదు. ఫోను తెచ్చి నిదానంగా చెప్పింది. ఆవిడ తనతో మాట్లాడినది తన భాషేనట, అదీ తమ రేవు యాసతో. మత్తు వదిలాక తల్లికి ఫోనులో మొదట చెప్పిన సంగతి అదేనట. తల్లిని అడిగితే ఆమె కూడా ఔనంది.

గిన్నె పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. ఆయాలందరినీ చూశాను. వాళ్ళందరివీ ఆకుపచ్చ చీరలు. ఆనాటి నర్సు, "మీతో వచ్చినావిడే కదండీ? మీవోలనుకున్నాం. ఇంతమందిలో ఎవరు ఎవరితో వచ్చినారో మాకెలా తెలుస్తాది?" అంది.

ఆవిడను నేను ఆసుపత్రి మనిషి అనుకున్నాను. ఆసుపత్రి వాళ్ళు మా మనిషి అనుకున్నారు. తీపి అక్కడి నర్సులకిచ్చి వచ్చేశాను.

బి.పి. ఎక్కువై లాన్ భ్రమపడిందేమో అని కూడా ఆలోచించాను. భ్రమే అయితే, ఆమె కళ్ళ ముందు మిణుగురుల సంగతి నాకు తెలుగులో చెప్పినదెవరు? పాస్టరు గారు విని, బైబిల్లో పెంతెకొస్తు దినాన శిష్యులు మాట్లాడుతుంటే నానా దేశాల వాళ్ళు ఎవరి భాషలో వారు వినలేదా, ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పండి అన్నారు. చెప్పలేనన్నాను. నేను చూసినది ఎవరినో నాకే తెలియనప్పుడు ఏమని సాక్ష్యం చెప్పను?

ఇంతకీ ఆవిడ నీతో ఏమంది అని ఒకరోజు లాన్‌ని అడిగాను. బిడ్డకు నూనె రాస్తూ చెప్పింది.

"మీ మావ బయపడతన్నాడు, కోపం పెట్టుకోకు, తీసుకెల్తాడు అన్నాది."

"మీ మావకి బయమేటే? రాయి మనిషి" అని సుగుణ పకపకా నవ్వింది.

నేను నవ్వలేదు. ఆ రోజు నేను భయపడిన మాట నిజం. లాన్ ఎక్కడో సముద్రం అవతల ఉన్న ఒక తల్లికి బిడ్డ. నా చేతుల్లో ఏమైనా అయితే ఆ తల్లికి ఏ భాషలో చెప్పాలి అని ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపూ అదే ఆలోచన. గ్యాస్ అనే మాట పట్టుకుని ఇంటిదారి చూసింది అందుకే. సుగుణకు కూడా ఆ సంగతి చెప్పలేదు. అది ఆవిడకెలా తెలిసిందో, ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కడం లేదు.