వందనాలూ, కంబళీ

మా ఉపదేశి ఇస్సాకుగారు రెండు మాటల చీటీ పంపినా అది బైబిల్లోని పౌలు పత్రికలాగే ఉండాలి. మిషను బడి పంతుల్ని కనుక ఆ రాత నా నెత్తిన పడింది.

"మీకు రాయను రాదా?" అన్నానొకసారి.

"పౌలుకు రాదా? ఆయన చెప్తా ఉంటే తెర్తియు రాసినాడు. కడాన మాత్రం సొంత చేత్తో లావు అక్షరాలు రాసినాడు. నాదీ అదే పద్ధతి!"

కిరసనాయిలు చీటీకైనా మొదట పంపేవాడి పేరు, ఆపైన కృపా సమాధానాల దీవెన, దుకాణం ముసలమ్మ గురవమ్మకీ ఆమె కోళ్లకీ వందనాలు. చిట్టచివర ఇంతేసి అక్షరాల్లో, "నా కంబళి మీ ఇంట మరిచినాను, పంపించండి." పౌలు కూడా త్రోయ పట్నంలో అంగీ వదిలేశాడట! కిరసనాయిలు మాట మాత్రం రాయించడం మరిచేవారు.

ఆ ఏడు చెన్నకేశవులుగారి జీతగాడు ఏబేలు ఎద్దుల్ని కట్టెయ్యడం మరిచాడు. అవి జొన్నచేను సగం మేశాయి. కాళ్లు విరగ్గొడతానని యజమాని కర్ర తీస్తే, ఏబేలు కురిచేడు పారిపోయాడు. వాడి తల్లి ఎలీషబా వచ్చి ఏడ్చింది. ఇస్సాకుగారు వెళ్లి వాణ్ణి వెంటబెట్టుకొచ్చారు.

"రాసుకో సారూ! పారిపోయిన దాసుడు ఒనేసిమును చేర్చుకోమని పౌలు వాడి యజమాని ఫిలేమోనుకు రాసినట్ల! అది ఆయనొక్కడికే కాదు, ఆ ఇంట్లో కూడే సంఘానికంతా రాసినాడు."

అలా చెన్నకేశవులుగారి తల్లి రాఘవమ్మకు, భార్యకు, చివరికి రెండు ఎద్దులకు కూడా పేరుపేరునా వందనాలు రాశాను. ఆ పేర్లు కనుక్కోవడానికి ఇస్సాకుగారు పొద్దున్నే వాళ్ల కొట్టానికి వెళ్లొచ్చారు కూడా.

"ఎద్దులకెందుకండీ?"

"మేసింది అవే గదా!"

ఏబేలు ఉత్తరం పట్టుకెళ్లాడు. అందరిముందూ చదవాలని ఇస్సాకుగారన్నారు కాబట్టి వెంట నేనూ వెళ్లాను. ఎద్దుల దాకా వచ్చేసరికి ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. నవ్వాపుకుని చెన్నకేశవులుగారు మళ్లీ కర్ర అందుకోబోయారు.

"ఏందిరా అది?" అంది రాఘవమ్మ. "అంత పెద్దమనిషి నా పేరు రాసి వందనం పెట్టినాడు. ఇంగ నా ముందరే వాణ్ణి కొడతావా?"

కర్ర మూలకు పోయింది. "పోరా, ఎద్దులకు నీళ్లు పెట్టు. ఈసారన్నా కట్టెయ్!"

నేను చివరి లావు అక్షరాలు చదివాను. "నా కంబళి మీ కొట్టంలో మరిచినాను. రేపు ఏబేలు చేతికిచ్చి పంపించండి."

మర్నాడు ఏబేలు కంబళి తెచ్చాడు. ఇస్సాకుగారు దానివంకైనా చూడలేదు. వాడి వీపు తడిమారు, కాళ్లు తడిమారు.

"దెబ్బలేం లేవు గదా? అన్నం పెట్టినారా?"

"పెట్టినారు నాయనా. రెండోసారి కూడా వడ్డించినారు."

అప్పటిగ్గానీ నాకు వెలగలేదు. కిందటేడు నాకు చలిజ్వరం వచ్చిన వారంలో, ఆ కంబళి మా ఇంట్లో మూడుసార్లు మరిచారు, మూడుసార్లూ దానికోసం తనే మళ్లీ వచ్చారు!