వర్జ్యంలో వెలిగిన గొడ్ల సావిడి

ఈ రోజు మా గొడ్ల సావిడికి కరెంటు వచ్చిందండోయ్! లైట్లు, ప్లగ్గులు అన్నీ ఎలక్ట్రికల్ డిప్లొమా చదివిన మా అమ్మాయి సుజాతే బిగించింది. పంతులుగారు పెట్టిన ముహూర్తం దాటిపోతోందని నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఆగలేక మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాను.

"చెయ్యి తియ్యి నాన్నా! ఎర్తింగ్ ఇంకా అవలేదు."

"వర్జ్యం వచ్చేస్తుందే తల్లీ!"

"రానీ. తడినేల మీద గేదెకి షాక్ కొడితే నీ ముహూర్తం వచ్చి అడ్డుపడుద్దా?"

ఎర్త్ గోతిలో ఉప్పు, బొగ్గు వేసి, నీళ్లు పోసి, అన్నీ పరీక్షించాకే నా చేత స్విచ్ వేయించింది, నా బంగారుతల్లి. అప్పటికి నిండు వర్జ్యం! సావిడంతా పట్టపగలులా వెలిగింది. గేదె మాత్రం హాయిగా నెమరు వేస్తూనే ఉంది.

అప్పటినుంచి కూర్చోలేక, ఊరికే వెళ్లి లైటు వేసి, ఆర్పి వస్తున్నాను. వర్జ్యంలో స్విచ్ వేశామని మా ఆవిడ ఇంకా గొణుగుతూనే ఉంది. మీ ఇళ్లలో అయితే ఎవరి మాట నెగ్గేదండీ, పంతులుగారిదా, పిల్లదా?