చర్చి తెరమీద పరంజ్యోతి పాట

నెల్లిమర్ల చర్చిలో ఆదివారం పాటలు తెరమీద చూపించే పని బెన్హర్‌ది. మిగతా రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్ నడుపుకునేవాడు. రెండువేల పదమూడులో సంఘపెద్ద థామస్ గారు, దొంగ విండోస్ దేవుని ఇంట్లో ఉండటం పాపమని ప్రార్థన పెట్టి మరీ చర్చి కంప్యూటర్లోంచి తీయించారు. దాని బదులు అందరికీ ఉచితంగా దొరికే ఉబుంటును బెన్హర్ సంబరంగా ఎక్కించాడు.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. అక్షరాలు బాగానే వచ్చేవి. వీడియో పెడితే మాత్రం బొమ్మ అడ్డంగా చిరిగిపోయేది, నోరు ఒకచోట, మాట ఒకచోట. తెరమీద బొమ్మ నడిపించే గ్రాఫిక్స్ కార్డు చేసినవాడు దాని గుట్టు చెప్పడు. బయటివాళ్లు ఊహించి రాసిన డ్రైవర్ ప్రోగ్రాంకు కార్డు సగమే లొంగుతుంది, మిగతా చాకిరీ అంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. పోనీ కంపెనీ డ్రైవరే వేస్తే, తర్వాతి అప్‌డేట్‌కే తెర నల్లబడి ఊరుకుంది. ఇంటర్నెట్ ఫోరంలో అడిగితే కార్డు మార్చుకోమన్నాడొక మహానుభావుడు. అమ్ముకున్నవాడికీ సిగ్గులేదు, సలహా ఇచ్చేవాడికీ లేదు.

అయినా సంఘంలోని అన్నమ్మ కోసం బెన్హర్ వదల్లేదు. జూట్‌మిల్లులో పనిచేసి చనిపోయిన ఆమె భర్త పరంజ్యోతి పాడిన పాట ఒకటి, ఫోన్లో వీడియో తీసినది, మిగిలింది. ఫోను పాడవుతోందని దాన్ని చర్చి కంప్యూటర్లో పెట్టించింది. దేవుని మందిరంకన్నా భద్రమైన చోటు ఆమెకు తెలియదు. బజారున పడుతుందని ఇంకో కాపీ తీయనివ్వలేదు. ఆ తర్వాత ఫోను పూర్తిగానే పోయింది. కోతపండుగ ఆరాధనలో ఆయన్ని తెరనిండా చూసుకోవాలని ఆమె ఆశ.

పండుగ ముందురోజు మధ్యాహ్నం బెన్హర్ ప్రాసెసర్‌కు బరువు తగ్గుతుందని డెస్క్‌టాప్ తళుకులన్నీ ఆపేసి చూశాడు. పాట ఎక్కడా ఆగకుండా సాగింది. పరంజ్యోతి మధ్యలో దగ్గితే ఆ దగ్గు కూడా పెదవులతో కలిసే వచ్చింది.

మర్నాడు వచ్చి చూస్తే కంప్యూటర్లో విండోస్ ఉంది. నిన్న సాయంత్రం విజయనగరం నుంచి మనిషిని పిలిపించి వేయించానని, బొమ్మ ఎంత సాఫీగా ఉందో చూడమని థామస్ గారు నవ్వారు. ఇదీ దొంగదే కదా అంటే దేవుని పనికే కదా అన్నారు. పాత ఫైళ్లేం చేశారంటే, డిస్కంతా తుడిపించి శుభ్రంగా వేయించామన్నారు. ఆ నవ్వు చూస్తే బెన్హర్‌కు రోత పుట్టింది.

ముందు వరసలోంచి అన్నమ్మ వచ్చింది. "మా ముసిలోడు ఎప్పుడొస్తాడు బాబూ?"

"రాడు పిన్నీ. థామస్ గారు సెరిపించేసినారు."

థామస్ గారు మైకు అందుకుని, తెర బాగుపడినందుకు కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. సంఘమంతా కళ్లు మూసుకుంది. అన్నమ్మ మాత్రం కళ్లు మూయకుండా ఆయన్నే చూస్తూ నిలబడింది.