మూడు పెట్టెలకూ ఒకే నూనె: తిరువళ్ళూరు నుంచి పొదటూరుపేట దాకా

ఇది రాయకూడదనే అనుకున్నాను. బద్ధకం ఒక కారణం, అందులో సగం తప్పు నాదే కావడం ఇంకో కారణం. నలభై ఏళ్ళు దాటిన సంగతి ఇప్పుడు ఎవరికి కావాలి అని కాగితం తీసి మళ్ళీ పెట్టేశాను కూడా. కానీ పోయిన నెల ఒకాయన నాకు రాశాడు. పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొన్నాడట. తిరుత్తణి మీదుగా పళ్ళిపట్టు కొండల వైపు వెళ్ళాలట. డిఫరెన్షియల్‌కూ, ట్రాన్స్‌ఫర్ కేసుకూ ఏ ఆయిల్ పోయాలో చెప్పమన్నాడు. రెండు ముక్కల్లో చెప్పొచ్చు. రెండు ముక్కల్లో చెప్పే అలవాటు నాకు లేదు.

ఎనభై రెండో, ఎనభై మూడో. అప్పుడు నేను తిరువళ్ళూరులో ఒక ఆయిల్ దుకాణంలో పని చేసేవాణ్ణి. బడిలో చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా ఆయిల్ డబ్బాల మీదే. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, అర్థం కానివి కాగితం మీద దించుకుని, రైల్వే స్టేషన్‌లో మాస్టారుగారిని అడిగి తెలుసుకునేవాణ్ణి. అలా నేర్చుకున్నవాడికి కొంచెం గర్వం ఉంటుంది. నాకు కొంచెం కంటే ఎక్కువే ఉండేది.

మా అక్క మొగుడు సుబ్బరాయుడు బావది పొదటూరుపేట. మూడు మగ్గాల ఇల్లు. మగ్గం మీద రోజులు వెళ్ళడం లేదని, అదే వీధిలో ఉన్న కుప్పయ్య మామకు రెండు మగ్గాలు అమ్మేసి, మిలిటరీ వేలంలో ఒక ఫోర్ వీల్ పికప్ కొన్నాడు. కుప్పయ్య మామ పెద్దమనిషి. "నెల లోపల బండి నీకు అచ్చిరాకపోతే మగ్గాలు ఎనక్కి తీసుకో నాయనా, నేను కాదనను" అని మాట ఇచ్చాడు. కాగితం లేదు, నోటి మాటే. అప్పటికి ఇరవై రోజులు గడిచాయి. పళ్ళిపట్టు అవతల కొండ మీదికి కరెంటు లైను లాగుతున్న కాంట్రాక్టరు మనిషి ఒకడు, గురువారం సాయంత్రం నాలుగింటికి తీగ చుట్టలు వేసుకుని పై బండ దాకా ఎక్కిస్తే ఏడాది పాటు బాడుగకు పెట్టుకుంటానన్నాడు. ఎక్కకపోతే వేరే బండి చూసుకుంటాడు. బావ ఇంటి పొయ్యి ఆ ఎక్కడం మీద ఆధారపడి ఉంది.

ఇక నూనె సంగతి. ఇలాంటి బండికి ఇంజనూ గేర్‌బాక్సూ కాక ఇంకా మూడు పెట్టెలుంటాయి. ముందు ఇరుసుకు ఒక డిఫరెన్షియల్, వెనక ఇరుసుకు ఒకటి, ఆ రెంటికీ బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నడుమ, సీటు కింద. డిఫరెన్షియల్‌లో పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ రుద్దుకుంటాయి కాబట్టి గంధకం కలిపిన ఘాటు నూనె, హైపాయిడ్ అంటారు, అది కావాలి. మా బండి ట్రాన్స్‌ఫర్ కేసులో మాత్రం ఇరుసును పట్టి ఉంచే ఇత్తడి బుష్షులున్నాయి. ఘాటు నూనె ఇత్తడిని తింటుంది. దానికి మెత్తటి రకం పోయాలి, రెండు డబ్బాల మీదా తొంభై నంబరే ఉన్నా. నంబరు చిక్కదనం చెబుతుంది గానీ గుణం చెప్పదు.

బావ అంతకు పదిహేను రోజుల ముందు దుకాణానికి వచ్చి నూనె కొన్నప్పుడు డబ్బా మీద ఏముందో చూడలేదు. పడుగుకు గంజి పెట్టేవాళ్ళు గంజి ఎలా చూస్తారో అలా చూశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వేళ్ళు విడదీసి, తీగ సాగుతుందా లేదా అని. హైపాయిడ్ నూనె జానెడు సాగింది. "ఇదిరా సరుకంటే! మూడు పెట్టెలకూ ఇదే పోసేస్తా" అన్నాడు. నాకు తెలుసు, ట్రాన్స్‌ఫర్ కేసులో ఇత్తడి ఉందేమో అడగాలని. అక్క మొగుడు. దుకాణంలో నలుగురి ముందు గంజి పరీక్ష చేసి తేల్చిన మాటను కాదనడం నా వల్ల కాలేదు. మూడు పెట్టెలకూ కొలిచి ఇచ్చాను.

బుధవారం బావ బండి తిరువళ్ళూరు తెచ్చాడు. అడుగున ఏదో మూలుగుతోందన్నాడు. గురువారం పొద్దున్నే సీటు కింద మిలిటరీ పచ్చరంగు పూసిన రేకు పలక ఒకటి కనిపించింది. పావలా బిళ్ళతో గీకాను. అక్షరాలు బయటపడ్డాయి. డిఫరెన్షియల్‌కు ఒకటి, ట్రాన్స్‌ఫర్‌కు వేరొకటి.  మెత్తటి రకం డబ్బాలు తీసుకుని బండెక్కాను. నూనె కాగి ఉన్నప్పుడే మడ్డితో సహా దిగుతుంది. మా దుకాణం దగ్గర బండి కిందికి దిగి పని చేసే గుంత లేదు, తిరుత్తణిలో షెడ్డు ఉంది. కాబట్టి అక్కడ మార్చాలని అనుకున్నాం.

ఏడున్నరకు బయలుదేరాం. మద్రాసు నుంచి వచ్చేవాళ్ళు సెంట్రల్‌లో కరెంటు రైలు ఎక్కితే తిరువళ్ళూరుకు గంటన్నర లోపే చేరతారు, అక్కణ్ణుంచి తిరుత్తణికి బస్సులకు కొదవ లేదు. మా బండి నడిపింది మాణిక్యం. పటాలంలో బండి తోలి రిటైరైన తమిళాయన. నడుమ బావ, ఈ చివర నేను. ఊరు దాటి ముప్ఫై మైళ్ళ వేగం అందుకోగానే మూలుగు మొదలైంది. అది ఇనుము మూలుగులా లేదు. నోరు మూసుకుని ఎవరో రాగం తీస్తున్నట్టు ఉంది. మనం మాట్లాడితే ఆగుతుంది. మాట ఆపితే, కాసేపు చూసి, మళ్ళీ మొదలవుతుంది.

"వింటోంది సార్," అన్నాడు మాణిక్యం. "ఉళ్ళ యారో ఇరుక్కాంగ." లోపల ఎవరో ఉన్నారని.

"మాట్లాడేటప్పుడు నువ్వు యాక్సిలరేటరు మీద కాలు కొంచెం ఎత్తుతున్నావు, అందుకే" అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా.

"సరి, ఇప్పుడు ఎత్తను. మీరు మాట్లాడండి."

అతని పాదం వైపే చూస్తూ ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాను. కాలు కదలలేదు. స్పీడు ముల్లూ కదలలేదు. నేను "ఒకటి" అనగానే మూలుగు ఆగింది. "పది" అని నోరు మూశాక మొదలైంది. తర్వాత ముగ్గురమూ కనకమ్మసత్రం దాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే పోయాం. అంత చెత్త నేను జన్మలో ఎప్పుడూ మాట్లాడలేదు.

కనకమ్మసత్రం దాటాక బావ, మోకాలి దగ్గరున్న కడ్డీని ముందుకు తోశాడు. ఫోర్ వీల్ పడింది.

"ఏంది బావా అది?"

"నాలుగు చక్రాలకూ లెక్కిచ్చి కొన్నా. ముందరివి రెండూ ఊరికే దొర్లతా వస్తే ఎట్లరా బామ్మర్దీ? వాటికీ పని చెప్పల్ల గదా."

మాణిక్యం తల కొట్టుకున్నాడు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకూడదు. ముందూ వెనకా చక్రాలు సమానంగా తిరక్క, లోపలి ఇరుసులు మెలిపెట్టిన నూలులా బిగుసుకుంటాయి. తీద్దామంటే కడ్డీ రాలేదు. స్టీరింగు కొయ్యలా అయింది. అలాగే తొమ్మిదింబావుకు తిరుత్తణి చేరి, షెడ్డు పక్కన ఇసకలో బండి ఆపి, ఇంజను కట్టేసి, ఎదురుగా పాకలో ఇడ్లీకి కూర్చున్నాం. రూపాయికి ఆకు నిండా పెట్టేది ఆ ఇడ్లీలమ్మ. చట్నీ వడ్డిస్తూ రోడ్డు వైపు చూసి గరిటె ఆపేసింది. మేమూ తిరిగి చూశాం. బండిలో ఎవరూ లేరు. నేల చదునుగా ఉంది. బండి ధడేల్‌మని ఒక్కసారి వెనక్కి జానెడు జరిగి ఆగింది. స్ప్రింగులు రెండు ఊపులు ఊగాయి, మనిషి దిగితే ఊగినట్టు.

"మీరు ముగ్గురేనా వచ్చింది?" అంది ఆమె.

"ముగ్గురమే అక్కా."

"ఇంగొగురు ఇప్పుడు దిగినట్టుండాదే."

మెలిపడిన ఇరుసు ఇసకలో చక్రం జారితే అలా విడుచుకుంటుందని నేను చెప్పాను. అది నిజం, ఆ తర్వాత కడ్డీ సులువుగానే వచ్చింది. ఆమె నా మాట విని నాలుగో ఆకు కూడా వేసింది. దాని ముందు ఎవరూ కూర్చోలేదు.

షెడ్డులో గుంతలోకి దిగి ట్రాన్స్‌ఫర్ కేసు అడుగు మర విప్పాను. వేడి నూనె నల్లగా, కుళ్ళిన గుడ్ల కంపుతో బొక్కెన్లోకి దిగింది. బొక్కెన ఎండలోకి తెచ్చాం. నల్లటి నూనెలో పసుపుపచ్చటి పొడి మెలికలు మెలికలుగా తిరుగుతోంది. బావ వంగి చూశాడు.

"జరీ!" అన్నాడు.  "అప్పా, లోపల జరీ ఉందిరా."

"జరీ కాదు బావా. ఇత్తడి. బుష్షులు. ఆ నూనె తినేసింది."

"నువ్వు ఇచ్చిందేనా?"

"నేను ఇచ్చిందే. తెలిసి కూడా చెప్పలేదు."

ఆయన నూనెలో వేలు ముంచి, ఎండకు పట్టి, ఆ మెరుపు చూశాడు. తిట్టినా బాగుండేది. డిఫరెన్షియల్స్ రెండూ విప్పి చూస్తే అక్కడి నూనె శుభ్రంగా ఉంది. వాటికి అదే సరైనది. ట్రాన్స్‌ఫర్ కేసులో మెత్తటి రకం పోసి, పక్క రంధ్రం నుంచి పొర్లేదాకా నింపి మర బిగించాను. ఒంటిగంట దాటింది.

మూలుగు పోయింది. దాని బదులు టక్, టక్ అని కొట్టుకోవడం మొదలైంది. అరిగిన బుష్షులో ఇరుసు ఆడుతోంది. పొదటూరుపేట రోడ్డు అంతా ఆ చప్పుడుతోనే వెళ్ళాం. ఇప్పుడైతే తిరుత్తణి నుంచి ముప్పావుగంట. మాకు గంట పైన పట్టింది.

నేత వీధిలో మధ్యాహ్నం రెండున్నరకు మాట వినపడదు, అన్ని మగ్గాలు ఆడుతుంటాయి. ఆ రోజు వీధి మొదట్లోకి తిరగ్గానే ఏదో తేడాగా తోచింది. ఏం తేడానో తెలియడానికి రెండిళ్ళు దాటాల్సి వచ్చింది. ఒక్క మగ్గం కూడా ఆడటం లేదు. ఆ వీధిలో ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఎవరూ మగ్గం పలక తొక్కరు. పసిబిడ్డలు కూడా ఏడవనట్టున్న ఆ వీధిలో మా బండి ఒక్కటే, టక్, టక్, టక్.

తలుపులు తెరుచుకున్నాయి. "ఎవుడ్రా అది మగ్గం నిలపనోడు? సావు తెలీదా?" అని అరుస్తూ ఒకాయన బయటికొచ్చాడు. కుప్పయ్య మామ కొడుకు రాఘవులు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బండిని చూసి ఆగిపోయాడు.

బావ కిందికి దిగాడు. "ఎవరు రాఘవులూ?"

"నాయన పోయినాడు బావా. పొద్దున తొమ్మిదిన్నరకు. మీ మగ్గం మీదనే కూసోనుండినాడు. నాడె అట్లే చేతిలో ఉండాది."

బావ నా వైపు చూశాడు. తిరుత్తణిలో బండి జానెడు జరిగిందీ ఆ వేళకే. కాకతాళీయం అనే మాట నాకు తెలుసు.  మాణిక్యం ఇంజను కట్టేశాడు. కట్టేశాక కూడా టక్, టక్ అని నాలుగైదు సార్లు వినిపించింది. వేడి ఇనుము చల్లారేటప్పుడు అలా అంటుంది. కానీ వీధిలోవాళ్ళు బండి వైపు చూడలేదు, కుప్పయ్య మామ ఇంటి వైపు చూశారు. బావ కూడా అటే చూశాడు. తన మగ్గం చప్పుడు తనకు తెలియదా?

లోపలికి వెళ్ళి మామ కాళ్ళకు మొక్కి వచ్చాం. మగ్గం గుంత ఖాళీగా ఉంది. నేసిన గుడ్డ సగంలో ఆగిపోయింది. వాకిట్లో రాఘవులు బావ చెయ్యి పట్టుకున్నాడు. "మగ్గాల సంగతి నాయన నీకేమి మాటిచ్చినాడో నాకు తెలీదు బావా. ఎనక్కి ఇమ్మంటే నా చేత కాదు. నాకూ దినాలు చెయ్యాల గదా."

"నేను అడగలేదులే" అన్నాడు బావ.

నాలుగింటికి కొండ కింద ఉన్నాం. కాంట్రాక్టరు మనిషి, లైను సూపర్వైజరు, గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తీగ చుట్టలు ఆరు ఎక్కించారు. మాణిక్యం ఫోర్ వీల్, లో గేరు వేశాడు. బావ వెనక కొయ్య దిమ్మె పట్టుకుని నడిచాడు, బండి వెనక్కి జారితే చక్రం కింద పెట్టడానికి. నేను పక్కన. టక్, టక్, మొదటి మలుపు. రెండో మలుపులో చప్పుడు వేగం పెరిగి, దాని పైన మళ్ళీ ఆ నోరు మూసిన రాగం మొదలైంది, పొద్దున్నటికంటే గట్టిగా.

"రేడియో నిరుత్తుంగయ్యా!" అని, రేడియో ఆపమని, కింది నుంచి సూపర్వైజరు కేక వేశాడు. బండిలో రేడియో లేదు.

ఏటవాలు మరీ నిటారుగా ఉన్నచోట ముందు చక్రాలు రాళ్ళ మీద జారాయి. బండి ఒక అడుగు వెనక్కి వచ్చింది. బావ దిమ్మె పెట్టలేదు. దిమ్మె పారేసి, రెండు చేతులూ బండి వెనక తలుపుకు ఆనించి, "పో మామా. పో" అన్నాడు. బండిని మామా అని పిలవడం అంతకు ముందు నేను వినలేదు. చప్పుడు ఆగింది. టక్ అనడమూ ఆగింది, రాగమూ ఆగింది. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. బండి ఎక్కింది. పై బండ మీద ఆగి, పొగ వదిలింది. సూపర్వైజరు రొప్పుతూ వచ్చి, "మండే వందుడుంగ" అన్నాడు. సోమవారం రమ్మని.

ఆ బండి మూడేళ్ళు నడిచింది. ఆ మూడేళ్ళలో ఆ చప్పుడు మళ్ళీ రాలేదు. నెల తర్వాత తిరుత్తణి మెకానిక్కు ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి, ఉల్లిపొర లాంటి ఇత్తడి ముక్క చేతిలో పెట్టి, ఇది పెట్టుకుని కొండ ఎట్లా ఎక్కారని అడిగాడు. గంధకం పదిహేను రోజుల్లో అంత తినదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ముందే అరిగి ఉండాలి. నా తప్పు సగమే అని మొదట్లో రాసింది అందుకే. మిగతావాటికి కూడా నా దగ్గర కారణాలున్నాయి, అన్నీ సరైనవే. వాటిని వరుసగా పేర్చి చూసుకుంటే మాత్రం ఆ రోజు మేం ముగ్గురమే వెళ్ళామని గట్టిగా చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. అడిగినాయనకు ఒక్క సలహా: ఏ పెట్టెలోదైనా నూనె దించే ముందు, పైన పోసే మర విప్పుకుని వస్తుందో లేదో చూసుకోండి. తుప్పు పట్టి అది రాకపోతే, కింది మర విప్పి నూనె దించేసినవాడు నడిరోడ్డులో ఖాళీ పెట్టెతో కూర్చోవాలి.

ఆ వారమే శనివారం నగరి నుంచి ఇద్దరు వచ్చి కుప్పయ్య మామ ఇంట్లో ఆ రెండు మగ్గాలూ కొన్నారు. విప్పిన కొయ్యలు తీసుకుపోవడానికి బండి కావాలన్నారు. బావ తీసుకుపోయి, దించి వచ్చాడు.