పొట్టేలు బొంద

సెప్టెంబరు పదిహేడు వచ్చిందంటే మా అవ్వకు మూడు శాలువాలు వస్తాయి. పొద్దున ఒక పార్టీ వాళ్లు కప్పుతారు, మధ్యాహ్నంలోపు ఇంకో పార్టీ వాళ్లు కప్పుతారు, ఆ తర్వాత సర్కారు వాళ్లు కప్పుతారు. నైజాం రాజ్యం పోయిన ఆ రోజు ఒకరికి విమోచన, ఒకరికి విలీనం, ఒకరికి సమైక్యత. ఆ రోజుకు ఏం పేరు పెట్టాలో తేలక ఏడాదంతా కొట్టుకునే ఈ ముగ్గురూ మా అవ్వ దగ్గర మాత్రం కొట్టుకోరు. ఫోన్లు చేసుకుని మరీ వంతులు వేసుకుంటారు. ఆ శాలువాలన్నీ మా ఇనప్పెట్టెలో ఉన్నాయి. చలికి గొర్రెపిల్లకు కప్పినా పనికిరానంత పలుచన.

అవ్వ అంటే మా నాయిన తల్లి, పేరు గోపమ్మ. కేతేపల్లి అవతల, హైవే మీద పోయేవాళ్లకు ఎడమచేతి పక్క కనిపించే గుట్ట కింద మా ఊరు. మేము గొల్లవాళ్లం. నేను మల్లీశ్వరిని, ఊళ్లో అంగన్‌వాడీ టీచరును. అవ్వకు మోకాళ్లు పట్టేశాయి కాబట్టి వేదిక మెట్లు ఎక్కించి దించడం నా పని. ఆ విధంగా ఈ సభలన్నీ ముందు వరసలో కూర్చుని చూశాను. చూసి చూసి నా నోరు పాడైంది. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

అవ్వను ఎందుకు పిలుస్తారంటే ఆమె అన్న సోమన్న కోసం. నైజాం మీద, దొరల మీద కొట్లాడిన దళాలు మా గుట్టల్లో ఉండేవి. సోమన్న వాళ్లకు జొన్నరొట్టెలు మోసేవాడు. గొర్రెల వెంట పోయే పిల్లవాడిని ఎవరు ఆపుతారు? తుపాకి పట్టింది లేదు, ఉపన్యాసం చెప్పింది లేదు, రొట్టెలు మోశాడు, అంతే. నైజాం లొంగిపోయాడు, పదిహేడో తారీకు గడిచిపోయింది, ఊళ్లో బెల్లం కూడా పంచుకున్నారట. కానీ దళాలు గుట్ట దిగలేదు. ఆ తర్వాత రెండో చలికాలంలో యూనియన్ మిలిటరీ వచ్చి గుట్టలు గాలించింది. రొట్టెల మూటతో సోమన్న దొరికాడు. మూతి మీద ఇంకా వెంట్రుక మొలవలేదు. కాల్చి అక్కడే వదిలేసి పోయారు.

తెల్లవారుతుండగా అవ్వ తండ్రి గోపయ్య కొడుకును గొంగడిలో చుట్టి తెచ్చి, మంద రాత్రిళ్లు పడుకునే బీడులోనే బొంద తవ్వి పెట్టాడు. ఇది బయటపడితే మిగిలినవాళ్లను కూడా బతకనివ్వరని ఆయన భయం. అందుకని మట్టి కప్పి, దాని మీద మందను అటూ ఇటూ తోలాడు. గొర్రెల గిట్టల కింద తవ్విన ఆనవాలు లేకుండా పోయింది. ఊరికేమో తన పెద్ద పొట్టేలు చచ్చిందనీ, చేతులారా పెంచుకున్నదాన్ని కోసుకోబుద్ధి కాక బొందపెట్టాననీ చెప్పాడు. మందలో ఉన్న పొట్టేలును ఎక్కడో దూరపు సంతకు తోలి వచ్చాడు. కొడుకు ఏడని అడిగినవాళ్లకు బొంబాయి పోయాడన్నాడు. అప్పటికి అవ్వ చిన్నపిల్ల. గొంగడి నుంచి బయటికి వేలాడిన అన్న కాలును తండ్రి లోపలికి సర్దడం చూసింది.

జమేదారు విచారణకు వచ్చేసరికి గోపయ్య ఆ మట్టి దగ్గర కూర్చుని గుండెలు బాదుకుంటున్నాడట. జమేదారు పడిపడి నవ్వి, "పొట్టేలు కోసం గింత ఏడ్సే గొల్లోన్ని నేనెన్నడు సూడలే" అని తిరిగి పోయాడట. తల్లి అయితే ఇంట్లో నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. కొడుకు బొంబాయిలో ఉన్న తల్లి పెద్దగా ఏడవకూడదు కదా. గోపయ్యకు ఊళ్లో పొట్టేలు గోపయ్య అని పేరు పడింది. చచ్చేదాకా ఆ పేరుకు పలికాడు. అటు పోయే గొల్లలు ఎగతాళికి ఒక్కో రాయి వేసేవాళ్లు. ఎగతాళి అలవాటైంది, రాళ్లు కుప్ప అయ్యాయి, ఆ బీడుకు పొట్టేలు బొంద అనే పేరు స్థిరపడింది.

కొడుకు లేని ఇంటికి ఇల్లరికపుటల్లుడిని తెచ్చారు కాబట్టి అవ్వ పెళ్లయినా ఊళ్లోనే ఉండిపోయింది. రోజూ ఆ కుప్ప పక్క నుంచే మందను తోలింది. నోరు మాత్రం విప్పలేదు. స్తూపం కట్టి అమరుల పేర్లు చెక్కినప్పుడు కూడా విప్పలేదు.

తెలంగాణ వచ్చిన జూన్ రెండున నేను పిల్లలకు లడ్డూలు పంచి ఇంటికి వచ్చాను. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది.

"మన రాజ్యమే వచ్చిందంటున్రు గదనే," అంది. "ఇగ చెప్తే ఏం గాదు గద?"

"ఏం చెప్తవ్ అవ్వా?"

చెప్పింది. పక్కనే ఉన్న మా నాయిన కిష్టయ్య చెంబు కింద పెట్టి నిలబడిపోయాడు. "మేనమామ బొంబాయిల సంసారం పెట్టిండనుకుంటినే అమ్మా. మా మీద పాయిరం లేనోడని తిట్టుకుంటి," అని ఏడ్చాడు. అవ్వ ఏడవలేదు. తనకు కావలసింది చెప్పింది. "గా జాగ గట్లనే ఉండాలె. గాడ ఒక బండ పాతి సోమన్న అని రాయాలె. గంతే బిడ్డా. ఇంకేమొద్దు."

ఊరి పెద్దమనిషి నరసింహ దగ్గరికి పోయాను. ఇతను కండువా ఎన్నిసార్లు మార్చాడో అతనికే గుర్తుండదు, కానీ మాట మాత్రం ఎప్పుడూ తీపిగానే ఉంటుంది. "గిదేం పెద్ద ముచ్చట చెల్లె? పదిహేడు నాడు అవ్వను సభకు తోల్కరా. బండ నేను పాతిస్త," అన్నాడు. నేను నమ్మాను. అవ్వ అయితే చీర ఉతికి ఆరేసుకుంది.

సభకు పోతే చౌరస్తాలో రెండు ఫ్లెక్సీలు. ఒకటి ఏదో సినిమా వచ్చి పాతికేళ్లయిందని అభిమానులు పెట్టింది, కుర్రవాళ్లు దానికి పాలు పోస్తున్నారు. పక్కన మాది. సోమన్నకు ఫొటో లేదు కాబట్టి ఫ్లెక్సీ వేసినవాడు ఎవరి బొమ్మో దించాడు. కోర మీసాలు, భుజాన తుపాకి. పాతికేళ్ల సినిమాకు హీరో ముఖం హీరోకే ఉంది, మా తాతకే తన ముఖం దక్కలేదు.

"గా మీసాలాయన ఎవరే?" అంది అవ్వ.

"సోమన్న తాతనంట."

"మా అన్నకు మీసాలే రాకపాయె గదనే," అని చాలాసేపు దాన్నే చూసింది.

వేదిక మీద ఒకాయన సోమన్న రజాకార్లతో ఎలా పోరాడాడో, పదిహేడో తారీకుకు ముందురోజే వాళ్ల తూటాకు ఎలా ఒరిగాడో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. మైకు ఇస్తే అవ్వ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "రజాకార్లు గాదు బిడ్డా, మిల్ట్రోల్లు సంపిన్రు. గీ పదిహేడు అయిపోయినంక రెండో సలికాలం. ఆయన చేతుల రొట్టెలే ఉండె," అంది. నరసింహ నవ్వుతూ మైకు అందుకుని, "పెద్ద పానం గద, యాది తప్పుతాంది," అన్నాడు. జనం దానికీ చప్పట్లు కొట్టారు.

మిగతా ఇద్దరూ తక్కువ తినలేదు. ఒకరికి రజాకారు తూటా కావాలి, ఒకరికి సోమన్న చేతిలో తుపాకి కావాలి, సర్కారు వాళ్లకు అసలు తూటా ఊసే వద్దు. రొట్టెలు మోసిన పిల్లవాడు ఎవరికీ అక్కరకు రాలేదు. ఆ తర్వాత ఏ సభలోనూ అవ్వకు మైకు ఇవ్వలేదు. శాలువా కప్పడం, ఫొటో దిగడం, దింపడం. దింపేటప్పుడు ప్రతిసారీ అవ్వ అడిగేది, "బండ ముచ్చట బిడ్డా?" ప్రతిసారీ ఒకటే జవాబు, "సూద్దాం అవ్వా."

ఒకసారి నేనే అవ్వను మండలాఫీసుకు తీసుకుపోయాను. అక్కడి సారు మర్యాదగానే విన్నాడు. "ఊరు ఊరంత పొట్టేలు బొంద అంటది గదమ్మా. మనిషిని పెట్టిన్రని ఒక్కరితోనన్న చెప్పియ్యి, జాగ కాపాడదాం," అన్నాడు. న్యాయమైన మాటే. ఊళ్లో ముసలివాళ్ల గుమ్మం గుమ్మం తిరిగాను. నర్సింగమ్మ అని అవ్వ ఈడు మనిషి ఒకామె ఉంది. "నాకు ఎరుకనే బిడ్డా, గది పొట్టేలే. గోపయ్య మామ ఏడుసుడు నేను సూసిన," అంది. అబద్ధం చెప్పలేదామె, చూసిందే చెప్పింది.

అది విని అవ్వ తల ఊపింది. "మా నాయిన మంచిగ దాసిపెట్టిండు. మరీ మంచిగ దాసిపెట్టిండు," అంది.

రానురాను ఇంకొకటి జరిగింది. ఒకరోజు అవ్వ తల దువ్వుతుంటే, "మల్లీ, కండ్లు మూసుకుంటే మా అన్న వస్తలేడే. గా మీసాలాయననే వస్తుండు," అంది. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ముఖాన్ని ఏటికొక ఫ్లెక్సీ పెట్టి తుడిచేశారు. నేను దువ్వుతూనే ఉన్నాను.

డెబ్బై ఐదేళ్ల పండుగ వచ్చింది. ఈసారి అన్ని ఊళ్ల వాళ్లకూ కలిపి సభ మా ఊరి పక్కనే అన్నారు. నరసింహ స్వయంగా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "అవ్వా, బండ తయారైంది. నల్ల గ్రానైటు. సోమన్న అని బంగారు రంగుల రాసిన్రు. పదిహేడు నాడు పెద్దోల్ల చేత తెర తీపిస్త," అని ఫోన్లో ఫొటో చూపించాడు. నిజంగానే ఉంది. అక్షరాలు మెరుస్తున్నాయి. అవ్వకు చదువు రాదు. ఫోను మీద వేలు పెట్టి, "గిదేనా మా అన్న పేరు?" అని అడిగింది. అవ్వ నవ్వడం చూసి నాకూ ఆశ పుట్టింది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు బుద్ధి రాలేదు.

ఆ రోజు కారు వచ్చింది. వానలు పడి దారంతా బురద. కారు ఊరు దాటి, గుట్ట వైపు మళ్లి, చదునుగా ఉన్న ఒక మైదానంలో ఆగింది. వరసలు వరసలుగా కార్లు, బస్సులు. అవ్వ దిగి, గుట్టను చూసింది, వాగు గట్టును చూసింది, మళ్లీ గుట్టను చూసింది.

"మల్లీ, గిదేడికి తెచ్చిన్రే?"

రాళ్ల కుప్ప ఉండవలసిన చోట ఒక తెల్లకారు ఆగి ఉంది.

పక్కన బురదలో దిగబడిన బస్సును లాగడానికి జేసీబీ నిలబడి ఉంది. దాని డ్రైవర్ శ్రీశైలం, పక్క ఊరి పిల్లవాడే. కుప్ప ఏమైందని అతని మీద అరిచాను. "మొన్న చదును జేసినం అక్కా, కార్లకు జాగ సాలదన్నరు. రాళ్లు స్టేజి కింద పోసినం, బురద ఉండె గద. పొట్టేలు బొందనే గద అక్కా?" అన్నాడు, బిత్తరపోయి.

అవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "మనిషి బొక్కలేమన్న ఎల్లినయా బిడ్డా?"

"ఏమో అవ్వా. తడి మట్టి. సూడలే."

అప్పుడే నరసింహ పరుగెత్తుకొచ్చాడు. వాడి చొక్కా పట్టుకున్నాను, ఊరంతా చూస్తుండగా పట్టుకున్నాను. "బండ ఏడ?" అన్నాను. హైవే మీద బస్‌స్టాపు పక్కన పాతించానని చెప్పాడు. "గాడైతే నలుగురికి కనవడ్తది గద చెల్లె. గీ బీడుల ఎవరు సూస్తరు?" అన్నాడు. అతనికి నిజంగానే తాను చేసిన తప్పేమిటో అర్థం కాలేదు. నా కోపానికి పోవడానికి చోటు లేకపోయింది. అవ్వ నా చెయ్యి విడిపించి, "పోదాం పా, పిలుస్తున్రు," అంది. మెట్లు ఎక్కించాను. శాలువా కప్పారు. ఫొటో తీశారు.

వారం తిరగ్గానే పెత్రమాస వచ్చింది. చచ్చిపోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు. ఆ పూట పెద్దలు ఇంటికి వచ్చి తృప్తిగా తిని పోతారని మా నమ్మకం. మా నాయిన చేటలో బియ్యం, బీరకాయలు, చింతపండు సర్ది, వరసగా పేర్లు చెప్పాడు. గోపయ్య పేరు, ఆయన భార్య పేరు, మా తాత పేరు. తర్వాత, "సోమన్న," అనబోయాడు.

అవ్వ అరుగు మీద నుంచి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు కిష్టయ్యా. గా పేరు చెప్పకు."

"ఎందుకే అమ్మా? ఏటేట చెప్తున్నం గద?"

"పేరు వెట్టి పిలిస్తే లేసొస్తడు బిడ్డా," అంది అవ్వ. "వచ్చి, తిని, మల్ల ఏడికి పోవాలె ఆయన?"