ఎర్ర లైటు మీద ప్లాస్టర్ ముక్క

కారు ఆపింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత మావాళ్లు దాన్ని తలా ఒక రకంగా చెప్పుకున్నారు. కారు దానంతటది ఆగిపోలేదు. నాకు నడపడం రాక వదిలేసి వెళ్లిపోనూ లేదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది, పక్కకి తీసి ఆపాను. అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు.

గుంటూరులో స్టాఫ్ నర్సుగా చేసిన నేను ఇంగ్లండ్ వచ్చి నార్తాంప్టన్‌లో కేరర్‌నయ్యాను. ఇళ్లకు వెళ్లి, మంచం దిగలేని పెద్దవాళ్లకు స్నానం చేయించి, మందులిచ్చి, అన్నం తినిపించి వస్తాం. వీసా ఇచ్చింది కంపెనీ, తిరిగే కారూ కంపెనీదే. నా వీసా మీద మా ఆయన, పాప కూడా ఇక్కడ ఉంటున్నారు. ఉద్యోగం పోతే కొద్ది వారాల్లో ఇంకో కంపెనీని వెతుక్కోవాలి, దొరక్కపోతే ముగ్గురం సామాను సర్దుకోవాలి. మాలో ఎవరూ మేనేజరమ్మకి ఎదురు చెప్పకపోవడానికి కారణం అదే. మర్యాద అనుకుని ఆవిడ సంతోషిస్తూ ఉండేది.

కొన్ని ఇళ్లలో మనిషిని హాయిస్టుతో, అంటే ఎత్తే యంత్రంతో లేపాలి, దానికి ఇద్దరు కేరర్లు కావాలి. అలాంటి ఇళ్లకి నాకు జతగా వరంగల్ అమ్మాయి వచ్చేది. వచ్చి ఏడాది కాలేదు కాబట్టి ఇండియా లైసెన్సు మీదే నడిపేది. నాకు ఆ ఏడాది దాటిపోయి, ఇక్కడి పరీక్షలు రాసి పాసయ్యాను. ఆ రోజు మధ్యాహ్నం బండి నేను తీశాను. స్టీరింగ్ వెనకాల, స్పీడు చూపించే ముల్లు పక్కన, తెల్లటి చిన్న ముక్క ఒకటి అతికించి ఉంది. మేము డ్రెస్సింగులకి వాడే మైక్రోపోర్ ప్లాస్టర్.

"ఇదేంటమ్మాయ్?" అన్నాను.

"గా లైటు అక్కా. వస్తాంది, పోతాంది. చూస్తే గుండెలదురుతానయ్. అందుకే మొన్న అతికిచ్చిన."

"మేనేజర్‌కి చెప్పావా?"

"చెప్పిన. గది ఎప్పట్నుంచో గంతేనట, పట్టించుకోకు అన్నది."

నాకు ఒళ్లు మండింది. పుండు ఎలా ఉందో చూడకుండా పైన కట్టు కట్టేస్తే మా వార్డు సిస్టర్ చెడామడా తిట్టేది. ఈ పిల్లా నర్సింగ్ చదివిందే. అయినా భయం అలాంటిది, చూడకపోతే లేనట్టే అనిపిస్తుంది. గోటితో గీకి ప్లాస్టర్ లాగేశాను. కింద లైటు వెలగడం లేదు. ఆ పిల్ల "చూసినవా, ఏం లేదు" అన్నట్టు ఊపిరి వదిలింది.

మొదటి రౌండెబౌట్‌లో, ఆ గుండ్రటి కూడలి చుట్టూ తిరిగేటప్పుడు వెలిగింది. వంపు దాటగానే ఆరింది. రెండో దాంట్లో వెలిగి, ఇక ఆరలేదు. గుండ్రటి గీతలో ఆశ్చర్యార్థకం, ఎర్రగా, బ్రేకు గుర్తు. హ్యాండ్‌బ్రేక్ సగం పైకి ఉందేమోనని చేత్తో కిందికి నొక్కి చూశాను. లైటు అలాగే ఉంది. బ్రేకు మీద కాలు వేస్తే పెడల్ మామూలు కంటే లోపలికి, మెత్తగా దిగింది. ఇళ్ల ముందు కాస్త చోటు కనిపిస్తే నెమ్మదిగా పక్కకి తీసి, ఇండికేటర్లు రెండూ వేసి, ఇంజిన్ ఆపేశాను.

ఈ దేశంలో లైసెన్సు కావాలంటే ముందు థియరీ పరీక్ష రాయాలి. వంట చేస్తూ, పాపకి జడ వేస్తూ, బస్సులో నిలబడి చదివాను దానికి. పచ్చ, నీలం లైట్లు ఏదో పనిచేస్తోందని చెప్పడానికి. పసుపు వెలిగితే తొందర్లోనే మెకానిక్‌కి చూపించుకోవాలి. ఎర్రది వెలిగితే ప్రమాదం లేని చోట ఆపాలి, కారణం తెలిసేదాకా నడపకూడదు. వాళ్లే పుస్తకం రాసి, వాళ్లే నన్ను చదివించి, వాళ్లే డబ్బు కట్టించుకుని పాస్ చేశారు. మరి రోడ్డు మీద నిజంగా ఆపితే తప్పు ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ అర్థం కాదు.

మేనేజర్‌కి ఫోన్ చేశాను. "అది సెన్సార్ గోల. అందరూ ఆ కారే నడుపుతున్నారు. క్లయింట్ ఎదురుచూస్తోంది, బయల్దేరు," అంది.

"బ్రేకు మెత్తగా దిగుతోంది. నడపను," అన్నాను.

ఆవిడ గొంతు తియ్యగా మార్చి, "నీ స్పాన్సర్‌షిప్ ఎవరిదో గుర్తుంది కదా," అంది. పక్క సీట్లో వరంగల్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, పోదాం తీ. మెల్లగ పోదాం. నీకు దండం పెడత," అంటూ ఏడుపు గొంతు పెట్టింది.

నాకూ భయమేసింది. పాప స్కూలు, మా ఆయన పని, ఊళ్లో అప్పుడే అందరికీ చెప్పేసుకున్న గొప్పలు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అయినా వీసా వాళ్ల చేతిలో ఉంటే ఉండనీ, బ్రేకు మీద కాలు నాది. ఆ కారు ముందు రోడ్డు దాటేది ఎవరి పిల్లలో నాకు తెలియదు. "గుర్తుంది మేడం. కారు ఇక్కడే ఉంటుంది, తాళం నా దగ్గర ఉంటుంది. మేం నడిచి వెళ్తున్నాం," అని ఫోన్ పెట్టేశాను.

సన్నగా తుంపర పడుతోంది. బ్యాగులు భుజాన వేసుకుని ఇద్దరం నడిచాం. మేం చూడాల్సిన పెద్దావిడ ఇల్లు రెండు బస్టాపుల అవతల. మేం వెళ్లేసరికి ఆవిడ తడిసిన పక్క మీద, ఆకలితో, ముఖం గోడ వైపు తిప్పుకుని పడుకుని ఉంది. "ఇప్పుడా రావడం?" అని అరిచింది. అరిచే హక్కు ఆవిడకుంది. మంచి కారు ఇవ్వని వాళ్లు పడాల్సిన మాటలు నేను పడ్డాను, పడుతూనే ఒళ్లు తుడిచాను. ఆ రోజంతటిలో నన్ను బాధపెట్టింది ఆ ఒక్కటే.

సాయంత్రం మెకానిక్ వచ్చి చూసి, వెనక చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ కారిపోతోందని, ఇంకాస్త దూరం నడిపితే బ్రేకు పడేది కాదని చెప్పాడు. దాంతో కథ మారింది. కేరర్ల వాట్సాప్ గ్రూపులో నాకు చేతులు జోడించిన బొమ్మలు పోటెత్తాయి. చర్చిలో ఒక ఆంటీ, "దేవుడు నీకు ముందే చూపించాడమ్మా, ప్రార్థన ఫలం," అంది. ప్రార్థన చేశాను నిజమే, కానీ ముందు కారు ఆపి, తర్వాత చేశాను.

ఆ మెచ్చుకోళ్లు నాకు ఎక్కలేదు. ఆయిల్ కారకపోయి ఉంటే? నిజంగానే సెన్సార్ గోల అయి ఉంటే? అప్పుడు వీళ్లే పొగరుబోతు అనేవాళ్లు. ఆపాక ఏం బయటపడిందనేది మెకానిక్ సంగతి. ఎర్రది వెలిగితే ఆపడం నా సంగతి. ఈ మాటే మా ఆయనతో అంటే, "నువ్వు చెప్పేది నిజమే, కానీ నోరు కొంచెం తగ్గించు. మన బతుకంతా నీ వీసా మీదుంది," అన్నాడు. ఆయన భయం నాకు తెలుసు. నోరు మాత్రం తగ్గలేదు.

మేనేజరమ్మ ఉద్యోగం తీసేయలేదు, మెకానిక్ మాట అందరికీ తెలిసిపోయింది కదా. తర్వాతి రోటాలో, అంటే డ్యూటీల పట్టీలో, నా గంటలు మాత్రం కోసేసింది. కోసినన్ని రోజులూ నేను ఇంట్లో కూర్చుని వేరే కంపెనీలకి దరఖాస్తులు పెట్టాను. ఎందుకు తగ్గించారని రోజూ అడిగాను కూడా, నాకు సమాధానం రాకపోయినా ఆవిడకి నిద్ర పట్టకూడదని.

అలా ఇంట్లో ఉన్న ఒక మధ్యాహ్నం వరంగల్ అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, ఎర్రది వచ్చింది. ఆపిన."

"మంచి పని చేశావ్. ఇండికేటర్లు వేశావా?"

"ఏసిన. మేడం ఫోన్ జేసింది. నడపను, కారు ఈడ్నే ఉంటది అని చెప్పిన. మస్తు తిట్టింది. తిడితే తిట్టనీ."

ఈ పిల్లేనా నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది? "గుర్తు ఎలా ఉంది చెప్పు," అన్నాను.

"మనిషి కూసున్నట్టుందక్కా. మీదికెళ్లి అడ్డంగ పట్టీ ఉన్నది. కుయ్యి కుయ్యిమని ఒకటే మోత."

నాకు అనుమానం వచ్చింది. "నీ పక్క సీట్లో ఏం పెట్టావ్?"

"బియ్యం బస్తా. లంచ్ టైంల ఇండియన్ షాపుకు పోయిన, అగ్గువకు దొరికితే కొన్న."

నవ్వు ఆపుకోలేకపోయాను. బస్తా బరువుకి సీట్లో మనిషి కూర్చున్నాడనుకుని కారు బెల్టు పెట్టుకోమంటోంది. చెప్తే ఆ పిల్ల గొంతు పడిపోయింది. "అయ్యో, గింత దానికే ఆపిన్నా? మేడంకు ఇప్పుడేం చెప్పాలె?"

"తెలియనప్పుడు ఆపావు, తెలిశాక నడుపుతున్నావు. అదే చెప్పు. మళ్లీ ఎర్రది వెలిగితే మళ్లీ ఆపు," అన్నాను. బియ్యానికి బెల్టు పెట్టి బయల్దేరింది.

కాసేపటికి మేనేజరమ్మే నాకు ఫోన్ చేసింది. "ఆ అమ్మాయికి నువ్వు ఏం నేర్పించావు?" అని గట్టిగా అడిగింది.

"ఆపడం నేర్పించాను మేడం," అన్నాను.